ఆరో తీగ

మాకు ఐదు గిటార్లున్నాయి. నాకు గిటార్ వాయించడం సరిగ్గా రాదు. ఈ రెండు సంగతులూ ఒకేసారి తెలిసినవాళ్ళు మా ఆవిడ వైపు జాలిగా చూస్తారు. ఆవిడ ఏమీ అనదు. అనాల్సినవన్నీ పెళ్ళైన మొదటి పదేళ్ళలోనే అనేసింది.

సరిగ్గా రాదంటే, నలుగురు కూర్చుని పాడుకుంటుంటే వెనకాల నాలుగు కార్డ్స్, అంటే తీగలు కలిపి మోగించే స్వరాల గుత్తులు, వేయగలను. ఎఫ్ కార్డ్ వచ్చిందంటే మాత్రం చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోవాలి. నా వేలు పడుకోదు, ముప్ఫై ఏళ్ళుగా మొరాయిస్తూనే ఉంది. కానీ తీగలు మార్చమనండి, కరెంటు పోయినా చీకట్లో మార్చేస్తాను. మల్కాజిగిరిలో మేముండే అపార్ట్‌మెంట్‌లో ఏ పిల్లాడి గిటార్ తీగ తెగినా వాచ్‌మన్ మా ఫ్లాటే చూపిస్తాడు. మొన్నామధ్య ఒకావిడ వయొలిన్ కూడా పట్టుకొచ్చింది. అది నా వల్ల కాదమ్మా అంటే, "రెండూ తీగలే కదండీ" అంది.

ఇదంతా మెట్టుగూడ సార్ పుణ్యం.

1994 ఎండాకాలం. విద్యానగర్‌లో అద్దెకుండేవాళ్ళం. నాన్న ఏజీ ఆఫీసులో పనిచేసేవారు. ఎంసెట్ రాసేదాకా గిటార్ మాట ఎత్తకూడదని ఒప్పందం. రాశాను. ర్యాంకు సంగతి ఇప్పుడెందుకులెండి, నాన్న మాత్రం మాట తప్పలేదు. అబిడ్స్‌లో ఒక వాద్యాల దుకాణంలో 950 రూపాయలకు, గుడ్డ కవరుతో సహా, కలకత్తాలో చేసిన గిటార్ కొనిపెట్టారు. ఎర్రటి రంగు, అంచుల్లో నలుపు. బస్సులో తెస్తుంటే కండక్టరు దానికీ టికెట్ కొట్టాలన్నాడు. నాన్న ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, ఎవరో చంటిపిల్లాడిని ఇచ్చినట్టు.

వారం తిరక్కుండానే మొదటి తీగ, అంటే అన్నిటికంటే సన్నది, తెగింది. శృతి చేద్దామని కీ తిప్పుతూ పోయాను, ఎక్కడ ఆపాలో తెలియదు, ఫట్ మంది. కొత్తది తెచ్చాను. తెచ్చినవాణ్ణి ఆ ఒక్కటీ వేసి ఊరుకోవచ్చు కదా. ఎలాగూ మొదలుపెట్టాం, తుడిచి పెడదామని ఆరు తీగలూ ఊడదీశాను. పొట్ట మీద తీగలు ఆనే ముక్క, బ్రిడ్జి, చేతిలోకి ఊడి వచ్చింది.

మామూలు గిటార్లకు బ్రిడ్జి పై చెక్కకు అతికించి ఉంటుంది. అప్పట్లో మన దేశంలో చేసే చాలా గిటార్లకు అలా కాదు. తీగలన్నీ అడుగున ఒక రేకుకు తగిలించి ఉంటాయి, బ్రిడ్జి కేవలం తీగల ఒత్తిడికి అక్కడ కూర్చుని ఉంటుంది. తీగలు తీస్తే దానికి దిక్కులేదు. ఇది నాకేం తెలుసు? విరగ్గొట్టాననుకున్నాను. 950 రూపాయల వస్తువు, వారంలో. నాన్న ఆఫీసు నుంచి వచ్చేలోగా మళ్ళీ దుకాణానికి పరిగెత్తాను. కౌంటరు దగ్గరున్న కుర్రాడు నవ్వి, "మెట్టుగూడలో ఒకాయనున్నాడు, రైల్వే ఆయన, చేసిస్తాడు పో" అని గుర్తులు చెప్పాడు.

మర్నాడు సైకిల్ మీద, వీపున గిటార్, జేబులో బ్రిడ్జి. అడిక్‌మెట్ మీదుగా యూనివర్సిటీ క్యాంపస్‌లోంచి తార్నాక, అక్కడినుంచి మెట్టుగూడ. రైల్వే క్వార్టర్ల ముందు వేపచెట్టు కింద బనియన్‌తో కూర్చుని ఒకాయన టేబుల్ ఫ్యాన్ విప్పుతున్నారు. అదీ సార్‌ని మొదటిసారి చూడడం. లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టర్. ఆదివారాలు చర్చిలో గిటార్, క్రిస్మస్ ముందు డాన్సుల్లో గిటార్, పెళ్ళిళ్ళలో ఏది తక్కువైతే అది.

నేను జేబులోంచి బ్రిడ్జి తీసి చూపించాను. ఆయన నవ్వలేదు. ఇంట్లోంచి స్టీలు స్కేలు తెచ్చారు. మెడ చివర తీగలు ఆనే తెల్లటి పట్టీ దగ్గర్నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా, అంటే మెడ మీద అడ్డంగా దిగ్గొట్టిన లోహపు మెట్లలో పన్నెండోదాని దాకా, కొలిచారు. పన్నెండో ఫ్రెట్ నుంచి అంతే దూరం కిందికి కొలిచి పెన్సిల్‌తో చుక్క పెట్టారు. చుక్క మీద బ్రిడ్జి పెట్టి, మళ్ళీ వెంట్రుకవాసి వెనక్కి జరిపారు.

"పన్నెండో కాడ తీగ సగమైతది. సగమైతే అదే స్వరం పైన పలుకుతది. సమజైందా?"

"మరి వెనక్కెందుకు జరిపారు సార్?"

"ఏలు పెట్టి ఒత్తినప్పుడు తీగ సాగుతది కదరా. సాగితే స్వరం జరంత పైకి పోతది. దానికి లెక్క సరిచేసిన."

ఇంటర్ రెండేళ్ళు ఫిజిక్సులో తీగల కంపనాల మీద లెక్కలు చేశాను. కంపించే తీగను అంతకుముందు ఎప్పుడూ చూడలేదని ఆ వేపచెట్టు కింద తెలిసింది.

నేర్పిస్తారా అని అడిగాను. నెలకు వంద అన్నారు. మర్నాడు వెళ్తే వాయించనివ్వలేదు. "తీగ మార్చుడు రానోనికి వాయించుడు నేర్పను" అన్నారు. నిజంగానే నేర్పలేదు, మూడు వారాలు. ఆయన పాత తీగలు ఒక బిస్కెట్ల డబ్బా నిండా ఉండేవి. అవి వేయడం, తీయడం, మళ్ళీ వేయడం. నేను తప్పు చేసినప్పుడల్లా "గట్ల కాదురా, గిట్ల" అనేవారు. ఇంటికొచ్చి చెప్తే మా చెల్లెలు నా గిటార్‌కు గిట్లారు అని పేరు పెట్టింది. ఇంట్లో ఇప్పటికీ దాని పేరు అదే.

గిట్ల అంటే ఎట్లనో చెప్తాను. తీగను ముందు వదులు చేయాలి. బిగువు మీదుండగా కత్తిరిస్తే కొస కొరడాలా లేచి కంట్లో కొడుతుంది. పూర్తిగా సడలించాకే కట్టర్ పెట్టాలి. కొత్త తీగను కీ పోస్టు చుట్టూ ఇష్టమొచ్చినట్టు చుట్టకూడదు. లావు తీగకు రెండు చుట్లు, సన్నదానికి మూడు నాలుగు చాలు. చుట్టు మీద చుట్టు ఎక్కకుండా ఒకదాని కింద ఒకటి దిగాలి, బావి గిలక మీద తాడు పేర్చినట్టు. చుట్లు ఎక్కువైతే అవి సర్దుకున్నప్పుడల్లా శృతి దిగిపోతుంది. తక్కువైతే జారిపోతుంది. శృతి ఎప్పుడూ కింద నుంచి పైకి తెచ్చి ఆపాలి. దాటిపోతే కొంచెం దించి మళ్ళీ పైకి తేవాలి, లేకపోతే కీ పళ్ళ మధ్య వదులు అలాగే ఉండిపోతుంది. తర్వాత తీగను రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా పైకి లాగాలి. శృతి పోతుంది. మళ్ళీ కలపాలి, మళ్ళీ లాగాలి. నాలుగైదుసార్లు చేస్తే మాట వింటుంది. మొదట్లో నాకు ఇదంతా చాదస్తం అనిపించేది. ఆయన రైలు బోగీలు బాగుచేసే మనిషి. నట్టు సరిగా బిగించకపోతే ఏమవుతుందో తెలిసినవాడు. ఆ పద్ధతే గిటార్‌కు కూడా.

అప్పట్లో సెట్టు కొనే స్తోమత మాబోటి వాళ్ళకు లేదు. తీగలు విడిగా అమ్మేవారు, చిన్న కాగితం కవర్లో చుట్టచుట్టి. అందరికీ తెగేది మొదటిదే కాబట్టి దుకాణంలో ఎప్పుడు చూసినా అదే అయిపోయేది. ఉన్నవాటికి కవర్లోనే తుప్పు పట్టి ఉండేది. సార్ గోటితో తీగను ఒక్కసారి పొడుగునా దువ్వి, గరగరమంటే పక్కన పడేసేవారు. తీగల మీద నంబర్ల అర్థం కూడా ఆయనే చెప్పారు. పది నంబరు అంటే అంగుళంలో వెయ్యో వంతులు పది. అంటే పావు మిల్లీమీటరు. ఆ పావు మిల్లీమీటరు ఉక్కు తీగ నా చూపుడువేలి చివర గాడి పెట్టింది, కాయ కాచింది. అమ్మ ఆ వేలు చూసి పసుపు రాసింది. ఫ్రెట్ల మీద ఆ పసుపు చాన్నాళ్ళుంది.

నా స్వయంకృతాలు కొన్నున్నాయి. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్ముతారు కదా, అక్కడ పది రూపాయలకు ఒక విదేశీ గిటార్ పత్రిక దొరికింది, అట్ట లేదు. అందులో ఫ్రెట్‌బోర్డుకు లెమన్ ఆయిల్ రాయాలని ఉంది. ఆయిల్ అన్న మాట నా బుర్ర పట్టించుకోలేదు. వంటింట్లోంచి రెండు నిమ్మకాయలు తెచ్చి, కోసి, చెక్కతోనే ఫ్రెట్‌బోర్డంతా శుభ్రంగా రుద్దాను. రాత్రికి చెక్క తెల్లగా పాలిపోయింది, ముట్టుకుంటే జిగురు, ఇల్లంతా పులుపు వాసన. మర్నాడు సార్ గిటార్ చేతిలోకి తీసుకుని వాసన చూశారు. ఇంకోసారి చూశారు.

"పులిహోర కలుపుదామనుకున్నవా ఏంది?"

ఆ లెమన్ ఆయిల్ అనేది చాలావరకు మినరల్ ఆయిల్, నిమ్మ వాసన వేసి అమ్ముతారు. సార్ తడిగుడ్డతో పులుపంతా తుడిచి, ఆరనిచ్చి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు గుడ్డ మీద వేసి రాశారు. జిట్రేగి చెక్క మళ్ళీ నల్లగా నిగనిగలాడింది. ఏడాదికి ఒకట్రెండుసార్లు చాలన్నారు. కొబ్బరినూనె రాస్తే పోలా అని అమ్మ సలహా. వద్దు, అది కొన్నాళ్ళకు కంపు కొట్టి బంక అవుతుంది.

ఆ పత్రికే ఇంకో దెబ్బ కొట్టింది. శృతి చూపించే ట్యూనర్ లేనివాళ్ళు టెలిఫోన్ డయల్ టోన్‌తో ఐదో తీగ కలుపుకోవచ్చని ఎవరో పాఠకుడు రాశాడు. మాకు ఫోన్ లేదు. కింద ఇంటి ఓనర్ వాళ్ళకుంది. "ఆంటీ, ఒక్కసారి ఫోన్ ఎత్తి వింటాను, నంబర్ తిప్పను" అని అడిగితే ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. అయినా ఒప్పుకుంది. ఒక చెవికి రిసీవర్, ఒళ్ళో గిటార్. డయల్ టోన్‌తో కలిపి, మిగతా తీగలు దాంతో కలిపి, గర్వంగా మెట్టుగూడ వెళ్తే సార్ గిటార్ పక్కన నాది ఏడుస్తున్నట్టుంది. తీగలన్నీ వదులుగా ఫ్రెట్లకు కొట్టుకుంటున్నాయి. తర్వాత ఇంజనీరింగ్‌లో చేరాక అసలు విషయం తెలిసింది. అమెరికాలో డయల్ టోన్ 350, 440 హెర్ట్జ్ రెండూ కలిపి ఇస్తారు, ఆ 440 గిటార్‌కు పనికొస్తుంది. మన దేశంలో 400. అంటే నా శృతి ఒకటిన్నర ఫ్రెట్లకు పైనే దిగిపోయింది. ఓనర్ ఆంటీ మాత్రం చాన్నాళ్ళు నేను ఏదో అమ్మాయికి ఫోన్ చేస్తున్నాననే అనుకుంది.

తీగలు ఉడకబెట్టడం గురించి కూడా చెప్పాలి. చుట్టు తీగలు, అంటే ఉక్కు తీగ మీద ఇత్తడి తీగ చుట్టిన లావువి, చుట్ల సందుల్లో చెమటా మట్టీ చేరి మొద్దుబారిపోతాయి. వేడినీళ్ళలో పది నిమిషాలు ఉడికిస్తే ఆ మురికి వదిలి మళ్ళీ మోగుతాయి. నాలుగు రోజులే అనుకోండి, లోహం అలసట ఉడకబెడితే పోదు. కానీ నాలుగు రోజుల మోతకు నాలుగు రూపాయలు మిగులుతాయంటే ఆ వయసులో ఎవరు ఆగుతారు? చేతికందిన గిన్నెలో వేశాను. అది పాలగిన్నె. పాలు విరిగాయి. అమ్మ ఆ గిన్నె ఇంక వాడలేదు. అది నా తీగల గిన్నెగా స్థిరపడిపోయింది.

అలా ఉడికి, మోగి, చివరికి చచ్చిన ఒక ఆరో తీగను అమ్మే పట్టుకుపోయింది. వేంకటేశ్వరస్వామి పటం పురికొస తెగి కింద పడబోయిందట. ఇత్తడి చుట్టు ఉన్న లావుపాటి తీగ, ఓ చివర గుండు కూడా ఉంది, ఇంతకంటే గట్టిది ఏముంటుంది అంది. పటం వెనక రింగుల్లోంచి దూర్చి మేకుకు వేలాడదీసింది. పూజ చేస్తున్నప్పుడు అగ్గిపెట్టె కోసమో దేనికోసమో చెయ్యి తగిలి తీగ ఒక్కోసారి 'ఝుం' అనేది. అమ్మకు అది ఇష్టంగానే ఉండేది.

మా పక్కవాటాలో ఒక మామ్మగారు వీణ నేర్పేవారు. ఆవిడ మా గిట్లారును చూడడానికి వచ్చి, ఫ్రెట్లను వేలితో తడిమి, "మెట్లు చెక్కలోనే దిగ్గొట్టేశారే! అదృష్టవంతులు నాయనా" అన్నారు. వీణకు 24 మెట్లు, అవి మైనం మీద నిలబెడతారు. మైనం వయసైపోతే మెట్లు కదులుతాయి, స్వరం తప్పుతుంది, అప్పుడు మొత్తం మైనం తీసి మళ్ళీ మేళం కట్టించాలి. కట్టేవాళ్ళు అందరికీ దొరకరు. ఆవిడ వేసవంతా వీణను ఎండ పొడ పడని గదిలో, చాప మీద, చీర కప్పి పడుకోబెట్టేవారు. వాద్యాన్ని పడుకోబెట్టడం అనే మాట నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మా ఇంట్లో ఇప్పుడు గిటార్లను పెట్టడం, సర్దడం ఉండదు. పడుకోబెడతాం.

1998లో దోమల్‌గూడ మారాం. అదీ కింది వాటాయే. 2000 ఆగస్టు 24న పడ్డ వాన హైదరాబాద్ వాళ్ళెవరూ మర్చిపోరు. ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు. హుస్సేన్‌సాగర్ నుంచి వచ్చే నాలా పొంగి అశోక్‌నగర్, దోమల్‌గూడ మునిగాయి. మేము చీకట్లోనే నాన్న సర్టిఫికెట్లూ అమ్మ నగలూ పట్టుకుని మేడ మీదికి ఎక్కేశాం. తెల్లారాక మెట్ల మీద నుంచి చూస్తే, హాల్లో మోకాలి పైదాకా నీళ్ళు, ఆ నీళ్ళలో ఒక చెప్పు, ఒక ప్లాస్టిక్ బకెట్, వాటి మధ్యన వెల్లకిలా గిట్లారు, మెల్లగా తిరుగుతూ. గిటార్ తేలుతుందని ఎప్పుడూ అనుకోలేదు. స్వామి పటం మాత్రం గోడ మీద తన తీగకు తాను భద్రంగా ఉంది.

నీళ్ళు తీసేసరికి వెనక చెక్క అంచు జానెడు మేర విచ్చుకుంది. ఎండలో పెడదామన్నారు నాన్న. నేను మెట్టుగూడకు ఫోన్ చేశాను, అప్పటికి సార్‌కు ఫోన్ వచ్చింది. "ఎండకు పెడితివా, పగుల్తది. తీగలన్నీ వదులు చెయ్. నీడల ఆరబెట్టు. రెండు వారాలు దాని మొహం చూడకు." రెండు వారాలయ్యాక ఆయనే వచ్చారు, సంచిలో ఫెవికాల్ డబ్బా, పాత సైకిల్ ట్యూబులు. ట్యూబులను పొడుగ్గా పట్టీలుగా కోసి, సందులో ఫెవికాల్ పూసి, గిటార్ నడుం చుట్టూ ఆ రబ్బరు పట్టీలు బిగించి చుట్టారు. బిగింపు పరికరాలు వేలకు వేలు పెట్టి కొంటారు కొందరు. సాగదీసిన సైకిల్ ట్యూబుకు మించింది నేను ఇంతవరకు చూడలేదు. వంపులెన్నున్నా సమంగా పట్టుకుంటుంది, చెక్కకు గీత పడనివ్వదు. గిట్లారు ఇప్పటికీ ఉంది. కొంచెం మునగదీసుకున్నట్టు పలుకుతుంది, అంతే.

ఉద్యోగం వచ్చాక మిగతావి చేరాయి. మొదటి బోనస్‌తో యమహా ఎఫ్310. మొదటి గిటార్ ఏది కొనాలని అడిగే పిల్లలందరికీ నేను ఇప్పటికీ చెప్పే జవాబు అదే. అమెరికా వెళ్ళిపోతూ ఒక కొలీగ్ అప్పగించిన నైలాన్ తీగల గిటార్. స్ట్రాటోకాస్టర్ అనే పేరుమోసిన గిటార్ ఆకారంలో ఒక ఎలక్ట్రిక్. అసలు స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చింది, నాది దానికి దూరపు చుట్టం కూడా కాదు. ఎలక్ట్రిక్ ఎందుకు కొన్నానో ఈరోజుకీ తెలియదు. నలభై దగ్గరపడుతున్న మగవాళ్ళు కొనే వస్తువుల్లో అదొకటనుకుంటా.

నైలాన్ గిటార్‌ది ఒక విషాదగాథ. మేము తిరుపతి వెళ్ళినప్పుడు మా బావమరిది ఇంట్లో ఉన్నాడు. పాపం మంచి ఉద్దేశంతోనే, "ప్లాస్టిక్ తీగలు వేశారేంటి బావా" అని ఉక్కు తీగలు కొని వేశాడు. నైలాన్ సెట్టు మొత్తం లాగేది నలభై కిలోల బరువుకు అటూ ఇటూ. పన్నెండు నంబరుతో మొదలయ్యే ఉక్కు సెట్టు డెబ్భై పైన లాగుతుంది. అంటే ఒక నిండు మనిషి రాత్రింబవళ్ళు ఆ సన్నటి చెక్కకు వేలాడుతున్నట్టు లెక్క. ఉక్కు తీగల గిటార్లను దానికి తగ్గట్టు లోపల బద్దలు వేసి కడతారు. నైలాన్ దాన్ని కట్టరు. మేము వచ్చిన మూడో రాత్రి ఒంటిగంటకు తుపాకీ పేలినట్టు చప్పుడు. దొంగలనుకుని మా ఆవిడ అట్లకాడ పట్టుకుంది. లైటు వేస్తే బ్రిడ్జి పై చెక్క పేళ్ళతో సహా లేచి తీగలకు వేలాడుతోంది. అతికించాను, సైకిల్ ట్యూబుతోనే. బావమరిదితో నేను ఏమీ అనలేదు. అట్లకాడ సంగతి మాత్రం ఇప్పటికీ అంటుంటాను.

హైదరాబాద్‌లో గిటార్లు పెంచడమంటే నిజానికి ఎండనూ వాననూ చూసుకోవడమే. ఏప్రిల్, మే నెలల్లో గాలిలో తడి ఉండదు. చెక్క ముడుచుకుంటుంది, ఫ్రెట్లు లోహం కాబట్టి ముడుచుకోవు, వాటి కొసలు మెడ అంచున బయటికొచ్చి అరచేతికి గీసుకుంటాయి. అది చాలు, గిటార్‌కు దాహం వేస్తోందని తెలియడానికి. చిల్లులున్న సబ్బు డబ్బాలో తడిపి పిండిన స్పాంజి పెట్టి గిటార్ పెట్టెలో పడేస్తాను. గదిలో కూలర్ ఉంటే ఇంకోలా ఉంటుంది కథ. వట్టివేళ్ళ కూలర్ ముందు రెండు రోజులుంచితే మే నెల్లోనే శ్రావణం అనుకుని చెక్క ఉబ్బుతుంది. అందుకని కూలర్ గదిలో మేము, ఫ్యాను గదిలో గిటార్లు. ఏడాదిలో ఆవిడకు వాటి మీద పైచేయి దొరికే కాలం అదొక్కటే.

వానలు మొదలయ్యాక అంతా తలకిందులు. పై చెక్క ఉబ్బి తీగలు ఎత్తుగా లేస్తాయి, నొక్కాలంటే వేళ్ళు నొప్పి. యమహాకు మెడలో ఉక్కు కడ్డీ ఉంటుంది, అలెన్ కీతో తిప్పి మెడ వంపు సరిచేసుకోవచ్చు. పావు తిప్పు తిప్పి ఒక రోజు ఆగాలి. ఆగలేని వాళ్ళు ముట్టుకోకపోవడం మంచిది. కొత్త బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు మా ఇంట్లో ఎవరూ పారేయరు, జూన్ నుంచి అవన్నీ గిటార్ పెట్టెల్లోకి. గాలిలో తడి సగానికి కాస్త అటూ ఇటూ ఉంటే చెక్క సుఖంగా ఉంటుంది. కొలిచే బుల్లి మీటరు ఒకటి గోడకు పెట్టాను. మా అమ్మాయి స్కూల్లో ఉన్నప్పుడు దానికి గిటార్ల థర్మామీటర్ అని పేరు. సజ్జ మీద మాత్రం ఏదీ పెట్టను. ఒకసారి పెడితే చెదలు అట్టపెట్టె అడుగంతా తిని గిటార్‌ను వదిలిపెట్టాయి, ఎందుకో.

ఇప్పుడు తీగలు ఎంత సుఖమో. ఫోన్‌లో నొక్కితే మర్నాటికి సెట్టు వస్తుంది. డి'అడారియో కంపెనీ వాళ్ళైతే గుండ్లకు రంగులేస్తారు. ఆరోదానికి ఇత్తడి రంగు, ఐదు ఎరుపు, నాలుగు నలుపు, మూడు ఆకుపచ్చ, రెండు ఊదా, ఒకటి వెండి. సార్ ఉంటే ఇది చూసి, "గుడ్డోళ్ళ కోసమా?" అని ఉండేవారు. తీగ మీద సన్నటి పూత వేసినవి కూడా వచ్చాయి, చెమట అంటదు, నెలలు నిలుస్తాయి, ధర నాలుగంకెల్లో. నా చెమటకు మామూలు తీగ మూడు వారాల్లో నల్లబడుతుంది కాబట్టి నాకు గిట్టుబాటే. అయినా వేసుకోను. మరీ అన్ని నెలలు మార్చకుండా ఉంటే నాకు పనేముంటుంది?

ముక్కల విషయంలో మాత్రం మా ఇంట్లో చట్టం కఠినం. కత్తిరించిన తీగ కొసలు సూదుల్లాంటివి. అమ్మాయి పాకే వయసులో మా ఆవిడ అరికాల్లో ఒకటి దిగింది, తర్వాతి వారం నేను గిటార్ల వైపు చూడలేదు. అప్పటినుంచి ప్రతి కొసా మాత్రల సీసాలో పడాలి, లెక్క చూసి. ఆరు తీగలకు ఆరు కొసలు.

సార్ 2011లో పోయారు. నెల తర్వాత వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. ఆస్ట్రేలియా తిరిగి వెళ్ళేలోగా ఇల్లు ఖాళీ చేయాలట, నాన్న గిటార్ మీకే ఇమ్మన్నారు అన్నాడు. జర్మనీలో చేసిన పాత గిటార్, వయొలిన్‌లా పొట్ట ఉబ్బెత్తుగా ఉండి రెండు పక్కలా ఎఫ్ అక్షరం చిల్లులుంటాయి. అరవైల్లో దేశం వదిలి వెళ్ళిపోతూ ఎవరో స్నేహితుడు సార్‌కు ఇచ్చింది. ఇంటికి తెచ్చి పెట్టె తెరిచాను. తీగలు నల్లబడి ఉన్నాయి, చివరి ఏడాది ఆయన చేతులు వణికేవి. ఆయన వేసిన చివరి తీగలు కదా, అలాగే ఉంచేయరాదా అంది మా ఆవిడ. ఉంచొచ్చు. కానీ తుప్పు తీగలు చూస్తూ కూర్చున్నానని తెలిస్తే ఆ మనిషి నన్ను బతకనిచ్చేవారా? ఆ సాయంత్రమే మార్చాను. ఒక్కొక్కటే తీసి, దాని బదులు వేశాక రెండోది. ఆ బ్రిడ్జి కూడా అతికించింది కాదు.

పెట్టె మూతకు లోపల గుడ్డ జేబు ఉంది. అందులో బ్లేడు, పెన్సిల్ ముక్క, నాలుగు మడతల కాగితం. కాగితం నిండా తేదీలే, ఒక్క మాట లేదు. మొదట అర్థం కాలేదు. తీగలు మార్చిన తేదీలవి. వర్క్‌షాపులో బోగీలకు రాసినట్టు ఈయన గిటార్‌కూ రాసుకున్నారు. మొదట్లో నెలకొకటి, క్రిస్మస్ ముందు తప్పకుండా ఒకటి, చివర్లో ఏడాదికి ఒకటీ రెండు. పెన్సిల్ అక్కడే ఉంది కాబట్టి నేను కిందినే ఆ రోజు తేదీ వేశాను. కాగితం రెండో వైపు కూడా ఇప్పుడు సగం నిండింది.

మా అమ్మాయి యమహాను బెంగళూరు పట్టుకుపోయింది. నాకంటే చాలా బాగా వాయిస్తుంది, ఎఫ్ కార్డ్ దానికి లెక్కే లేదు. తీగలు మార్చడం మాత్రం సెలవులకు వచ్చినప్పుడు నాన్న పని. నేర్పుదామని రెండుసార్లు కూర్చోబెట్టాను. "నాన్నా, నువ్వుండగా నాకెందుకు" అని లేచిపోయింది. సార్ పద్ధతి ప్రకారం దానికి వాయించడం నేర్పకూడదు. ఏం చేస్తాం, అప్పటికే నేర్చేసుకుంది.

పోయిన దసరాకు అది వచ్చిన రోజే ఇల్లు దులుపుతున్నాం. నేను హాల్లో దుప్పటి పరిచి సార్ గిటార్‌కు తీగలు మారుస్తున్నాను. పూజగదిలోంచి మా ఆవిడ కేకేసింది.

"ఏమండీ, ఇది ఇంక ఆగేలా లేదు, చూడండి."

స్వామి పటం. మేకు ఆనే చోట ఇత్తడి చుట్టు విడిపోయి, లోపలి ఉక్కు తీగ ఎర్రగా తుప్పు తేలింది. విద్యానగర్‌లో అమ్మ కట్టింది. దోమల్‌గూడ వరద చూసింది, మూడు ఇళ్ళు మారింది. ఇంట్లో నేను ఒక్కసారి కూడా మార్చని తీగ అదొక్కటే.

"కొత్త సెట్టులోంచి తీయొద్దులే, పాపం ఖరీదు" అంది.

"కొత్తది పనికిరాదు. సాగుతుంది. పటం రోజుకింత కిందికి దిగుతుంది."

అప్పుడే ఊడదీసిన సార్ గిటార్ ఆరో తీగ దుప్పటి మీద చుట్టచుట్టుకుని ఉంది. ఏడాదిగా బిగువు మీదున్నది, సాగాల్సినంతా సాగిపోయింది. కొస తుడిచి, రింగుల్లోంచి దూర్చి, మూడు చుట్లు, ఒకదాని కింద ఒకటి దిగేలా చుట్టి ముడి వేశాను. మిగిలిన కొస కత్తిరించి మాత్రల సీసాలో వేశాను. స్టూలెక్కి మేకుకు తగిలించి, వేలితో ఒకసారి మీటాను.

"చాల్లే, కొంచెం కుడివైపుకి జరపండి" అంది మా ఆవిడ.